ఇంట్లో ఇద్దరు, మైకులు రెండు: బెంగళూరులో భార్యాభర్తల కామెడీ వీడియోలూ పాడ్‌కాస్టూ నడిపే పద్ధతి

భార్యాభర్తల కామెడీకి సరుకు ఇంట్లోనే దొరుకుతుంది. దొరికిన పూటే రాసుకోకపోతే మాత్రం రాత్రికల్లా ఆవిరైపోతుంది. అందుకని మీ ఇద్దరే ఉండే వాట్సాప్ గ్రూపు ఒకటి పెట్టుకుని, నవ్వొచ్చిన మాట వినబడగానే అందులో పడేయండి. "ఉప్పు గొడవ" అని రాస్తే వారం తర్వాత చూసుకున్నప్పుడు అందులో ఏమీ మిగలదు. "ఉప్పు తక్కువైందా, మీ అమ్మ గుర్తొచ్చిందా?" అని నోట్లోంచి ఎలా వచ్చిందో అలాగే రాస్తే మనుషులూ ఎత్తిపొడుపూ రెండూ అందులోనే ఉంటాయి. పాతిక మాటలు పోగైతే రెండో మూడో వీడియోలౌతాయి. అది తక్కువేం కాదు.

ఎంతవరకు బయటపెట్టాలి

ఇంటిగుట్టు లంకకు చేటన్నారు. ఈ పనిలో అమ్మేదే ఇంటిగుట్టు కాబట్టి, ఎంతవరకు అమ్మాలో మొదటి వీడియోకి ముందే కాగితం మీద పెట్టుకోవాలి. మూడు గడులు గీయండి. మొదటిది ఎప్పుడైనా వాడుకునేది: వంట, ట్రాఫిక్, గురక, ఏసీ ఎంతలో పెట్టాలన్న పేచీ. రెండోది అడిగి వాడుకునేది: అత్తమామలు, ఆడపడుచు, ఆఫీసు. మూడోది ముట్టుకోకూడనిది: పిల్లల ముఖాలు, వైద్యం, జీతం అంకె, పెళ్లప్పటి ఇచ్చిపుచ్చుకోవడాలు. మీ గడుల్లో వేరే విషయాలు ఉండొచ్చు, గడులంటూ ఉండాలి.

ఇద్దరిలో ఎవరు వద్దన్నా ఆ వీడియో ఆగిపోవాలి, ఎందుకని నిలదీయకూడదు. స్క్రిప్టు చదివినప్పుడు, తీసిన రోజు, అప్‌లోడ్‌కి ముందు, ఈ మూడు చోట్లా వద్దనే హక్కు ఉండాలి. చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు, దెబ్బ తినేది అక్కడే. ఎడిటింగులో ఒక చూపును రెండు సెకన్లు ఎక్కువ ఉంచితే చాలు, సరదాగా అన్న మాట అవమానమైపోతుంది. నిజంగా జరిగిన గొడవను మాత్రం ఇద్దరూ చెప్పుకుని నవ్వుకోగలిగేదాకా కదపకండి. ముందే తీస్తే కెమెరా ముందు ఆ గొడవే మళ్లీ మొదలవుతుంది, చూసేవాళ్లకు అది ఇట్టే తెలిసిపోతుంది.

నిమిషం స్కెచ్ రాయడం

నిమిషం వీడియోకి 110 నుంచి 120 మాటలు సరిపోతాయి. అది దాటితే ఊపిరాడక పరుగెత్తాల్సి వస్తుంది, నవ్వడానికి చూసేవాళ్లకు సందు దొరకదు. బెంగళూరు అద్దె అడ్వాన్సు మీద ఒక చిన్న స్కెచ్ తీసుకుందాం. సాధారణంగా మొదట ఇలా వస్తుంది:

భర్త: ఇల్లు బాగుంది, గాలీ వెలుతురూ ఉన్నాయి, తీసేసుకుందామా?
భార్య: అద్దె ఎంత?
భర్త: 35 వేలు. అడ్వాన్సు పది నెలలు.
భార్య: అంత డబ్బు పెడితే మన ఊళ్లో స్థలమే కొనుక్కోవచ్చు కదా!

ఇందులో నవ్వు ఎందుకు పేలదు? ఇద్దరికీ అన్నీ తెలుసు, ఎవరూ దేన్నీ పొరబడలేదు. చివరి మాట ఒక అభిప్రాయం, అది అందరూ అనేదే. ఇదే విషయాన్ని సంగతి తెలియని మనిషి చేతిలో పెట్టి చూడండి:

భార్య (ఫోన్లో): అవునమ్మా, ఇల్లు నచ్చింది. అడ్వాన్సు మూడున్నర లక్షలు.
అమ్మ గొంతు: పోన్లే, ఇన్నాళ్లకు. ఎన్ని గదులు?
భార్య: రెండు.
అమ్మ గొంతు: రిజిస్ట్రేషన్ శ్రావణంలో పెట్టించు, మంచిది.
భార్య: అద్దెకమ్మా.

మన ఊళ్లలో రెండు మూడు నెలల అడ్వాన్సుకి అలవాటుపడ్డ తల్లి, ఆ అంకె వినగానే కూతురు ఇల్లు కొంటోందనుకుంది. "పోన్లే, ఇన్నాళ్లకు" అన్న రెండు మాటల్లో ఆవిడ సంతోషం ఉంది, ఆ సంతోషమే నవ్వుకి మెట్టు. నవ్వు తెప్పించే "అద్దె" అన్న మాట అంతకుముందు ఒక్కసారి కూడా రాలేదు, వచ్చింది చివర్లో. "అద్దెకమ్మా"కి ముందు ఒక్క క్షణం మౌనం ఉంచి, ఆ తర్వాత పక్కనే కూర్చున్న భర్త ముఖం సెకనున్నర చూపించి కోసేయండి. అవతల తల్లి ఏమందో వినిపిస్తే పడిన నవ్వు పాడవుతుంది.

రాసినదాన్ని దిద్దేటప్పుడు ఈ రెండే చూసుకోండి: ఎవరికో ఒకరికి ఏదో ఒకటి తెలియకుండా ఉందా, నవ్వు తెప్పించే మాట వాక్యం చివర పడిందా. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి "అద్దెకి తీసుకుంటున్నామమ్మా" అంటే అసలు మాట మధ్యలో మునిగిపోతుంది. క్రియను తీసేస్తే మాట పైకి తేలుతుంది.

యాస విషయానికొస్తే, ఎవరి యాస వాళ్లు మాట్లాడటమే మేలు. అనంతపురం అమ్మాయి, వరంగల్ అబ్బాయి అయితే ఆ తేడాయే మీ ఆస్తి. రాని యాసను అనుకరిస్తే ఆ జిల్లావాళ్లు మొదటి వాక్యంలోనే పట్టేస్తారు. కన్నడ సంభాషణ పెట్టాలంటే పక్కింటి కన్నడవాళ్లకు ముందు వినిపించి సరిచేయించుకోండి. కన్నడ రాక తిప్పలు పడే మన పాత్రను చూసి నవ్వించొచ్చు గానీ, కన్నడవాళ్ల భాషను చూసి నవ్వించకూడదు. మనం బతుకుతున్న ఊరది.

తీయడం

ఫోన్ చాలు. సెట్టింగులు మాత్రం ఫోన్ ఇష్టానికి వదలొద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ఇంట్లో చవక ఎల్‌ఈడీలు, ట్యూబులు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. ఫోన్ సెకనుకు 30 ఫ్రేముల్లో, తనకు తోచిన షట్టర్‌తో (అంటే ఒక్కో ఫ్రేముకి వెలుగు పట్టే సమయంతో) తీస్తే వెనక గోడ మీద నల్లటి పట్టీలు పాకుతున్నట్టు కనిపిస్తాయి, ఎడిటింగులో అవి పోవు. 25 ఫ్రేములు, షట్టర్ 1/50 లేదా 1/100 సెకను పెడితే ఆ బాధ తీరుతుంది. ఐఫోన్‌లో 25 కనిపించకపోతే కెమెరా సెట్టింగుల్లో పాల్ (PAL) ఫార్మాట్లు ఆన్ చేయాలి. ఉచితంగా దొరికే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్‌లో షట్టర్, ఫోకస్, రంగు మూడూ బిగించుకోవచ్చు. బిగించకపోతే ఒకరు చెయ్యి ఊపినప్పుడల్లా రెండోవాళ్ల ముఖం రంగు మారుతుంది.

మెయిన్ లైటుగా కిటికీ వాడుకోండి. పైన వెలిగే సీలింగు లైటు కళ్ల కింద నీడలు వేస్తుంది, దాన్ని ఆర్పేయడమే మంచిది. ఇద్దరి ఎత్తుల్లో బాగా తేడా ఉంటే పొట్టిగా ఉన్నవాళ్ల కింద గట్టి దిండు వేసి, కళ్ల మధ్య తేడా నాలుగు వేళ్లకు తగ్గించండి. నిలువు వీడియోలో కింది భాగం మీద పేరూ క్యాప్షనూ, కుడివైపు బటన్లూ వచ్చి పడతాయి. ముఖాలు, సబ్‌టైటిళ్లు అక్కడ పెట్టకండి.

ఒక్క ఫోన్‌తో తీసేటప్పుడు ముందు ఇద్దరినీ కలిపి మొత్తం సీను తీసి, తర్వాత ఒక్కొక్కరినీ దగ్గరగా విడివిడిగా తీయండి. ఇద్దరి మధ్య ఒక గీత ఉందనుకుని ఫోన్ ఎప్పుడూ ఆ గీతకు ఒకే పక్కన ఉంచాలి. దాటితే ఇద్దరూ ఒకే దిక్కుకి చూస్తున్నట్టు కనబడి, మాట్లాడుకుంటున్న భ్రమ పోతుంది. ఒకరే కోడలూ అత్తగారూ రెండు పాత్రలు వేసేటప్పుడు ఇది మరీ ముఖ్యం: కోడలు ఎడమకు చూస్తే అత్తగారు కుడికి చూడాలి, చూపు ఆనాల్సిన చోట గోడకు చిన్న బొట్టుబిళ్ల అంటించుకోండి.

ఒక్కో వీడియోకి డైరెక్టరు ఒక్కరే. ఈ వారం ఒకరు, పై వారం ఇంకొకరు. ఇద్దరూ డైరెక్టర్లైన రోజు సెట్టు మళ్లీ ఇల్లయిపోతుంది, ఆ పూట పని సాగదు. అయిదు టేకులు దాటించకండి. ఆ తర్వాత మాటలు సరిగ్గా వచ్చినా ముఖాలు వాడిపోతాయి. బయట తీయాలంటే లాల్‌బాగ్, కబ్బన్ పార్కు ఉద్యానశాఖ కిందివి, వ్యాపారానికి తీసే వీడియోకి ముందే అనుమతి తీసుకోవాలి. అపార్ట్‌మెంటు లిఫ్టు, పార్కింగు అయితే అసోసియేషన్‌కి ఒక మాట చెప్పి ఉంచండి.

శబ్దం

కొత్తవాళ్ల వీడియోలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం చూస్తారు గానీ, మాట అర్థంకాకపోతే పంచ్ ఎంత మంచిదైనా దండగే. డబ్బు పెట్టాల్సింది మొదట దీని మీదే.

స్కెచ్‌లకు చిన్న వైర్‌లెస్ కాలర్ మైకులు రెండు చాలు. గడ్డానికి జానెడు కింద పెట్టాలి. నల్లపూసలు, మంగళసూత్రం, చున్నీ మైకుకి తగిలి చేసే శబ్దం మాట మీదే పడుతుంది కాబట్టి దాన్ని తీసేయడం ఏ సాఫ్ట్‌వేర్‌కీ సులువు కాదు. గొలుసును టేపుతో వెనక్కి అంటించండి, లేదా మైకును పైట అంచు లోపల దాచండి. పట్టుచీర గరగరలాడుతుంది, నూలు చీర ఆడదు. ఈ మైకులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. మారతహళ్లి, బెళ్లందూరు లాంటి చోట్ల అపార్ట్‌మెంట్లలో చుట్టూ పాతిక వైఫైలు అదే బ్యాండులో ఉంటాయి, మాట మధ్యలో తెగిపోతుంది. రిసీవరు మీ ముందు, అడ్డం లేకుండా ఉండాలి. మైకులోనే రికార్డింగు దాచుకునే రకమైతే ఇంకా నిశ్చింత.

పాడ్‌కాస్టుకి పద్ధతి వేరు. టైల్స్ పరిచిన హాల్లో గొంతు మోగుతుంది, అందుకని పరుపు, దుప్పట్లు, బట్టల బీరువా ఉన్న పడగ్గదే స్టూడియో. బీరువా తలుపులు తెరిచి పెట్టండి, వేలాడే బట్టలు మోతను మింగేస్తాయి. కిటికీకి మందపాటి కర్టెన్లు కావాలి, బట్ట చిక్కపేటలో గజాల లెక్కన తెచ్చి కుట్టించుకోవచ్చు. మైకులు, కేబుళ్లు, స్టాండ్లకు ఎస్‌పీ రోడ్డు చుట్టుపక్కల దుకాణాలు చూడండి. ఇలాంటి గదికి కండెన్సర్ మైకు వద్దు, అది మూడో ఇంటి కుక్కర్ కూతను కూడా పట్టుకుంటుంది. డైనమిక్ మైకు దగ్గరి మాటను తీసుకుని దూరపు శబ్దాన్ని చాలావరకు వదిలేస్తుంది.

యూఎస్‌బీ మైకులు రెండు కొని ఒకే ల్యాప్‌టాప్‌కి తగిలించడం చాలామంది చేసే పొరపాటు. రెండిటి లోపలి గడియారాలు వేరు, అరగంటయ్యేసరికి ఒకరి గొంతు వెనకబడొచ్చు, కొన్ని సాఫ్ట్‌వేర్లు రెండో మైకును అసలు గుర్తించవు. రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల కేబుల్ తగిలే) మైకులు, వాటిని ల్యాప్‌టాప్‌కి కలిపే రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేసు పెట్టె ఒకటి తీసుకోండి. ఇద్దరి గొంతూ విడివిడి ట్రాకుల్లో రావాలి. ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు దగ్గినా, గ్లాసు పెట్టినా అప్పుడే ఆ ఒక్కదాన్నే తీసేయగలరు.

మైకు నోటికి గుప్పెడు దూరంలో, కొంచెం పక్కకు ఉండాలి. సూటిగా ఉంటే "ప", "భ" పలికినప్పుడల్లా గాలి దబ్బుమని కొడుతుంది. కార్డియాయిడ్ మైకు, అంటే ముందువైపు మాటనే బాగా పట్టే రకం, వీపు వైపు వచ్చే శబ్దాన్ని బాగా తగ్గిస్తుంది, అందుకని మీ మైకు వీపు ఎదుటి మనిషి వైపు ఉండేలా పెట్టండి. ఎదురెదురుగా కూర్చుంటే శబ్దానికి అన్నిటికంటే మంచిది, వీడియోలో మాత్రం రెండూ పక్క ముఖాలే కనిపిస్తాయి. బల్ల మూలకు అటొకరు ఇటొకరు కూర్చుంటే రెండూ కుదురుతాయి. స్టాండు కింద మడత పెట్టిన తువ్వాలు వేస్తే బల్ల మీద కొట్టిన చప్పుడు మైకుకి ఎక్కదు.

లెవెల్ (మైకు శబ్దాన్ని ఎంత పెద్దగా తీసుకోవాలన్నది) పెట్టేటప్పుడు మామూలుగా "హలో, ఒకటి రెండు" అనకండి, గట్టిగా నవ్వండి. కామెడీలో మాట కంటే నవ్వు చాలా పెద్దగా వస్తుంది. మాటకు పెట్టిన లెవెల్‌లో నవ్వు చిరిగిపోతుంది, చిరిగిన నవ్వును ఎవరూ బాగుచేయలేరు. మాట మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడుతూ, పెద్ద నవ్వు కూడా మైనస్ 3 దాటకుండా చూసుకోండి. ఫ్యాను, ఏసీ, ఫ్రిజ్ ఆపేసి, ల్యాప్‌టాప్ ఛార్జరు తీసేయండి. సన్నగా జుమ్మనే మోత చాలాసార్లు ఆ ఛార్జరుదే. ఎవరూ మాట్లాడకుండా గది నిశ్శబ్దాన్ని 30 సెకన్లు రికార్డు చేసి ఉంచితే, ఎడిటింగులో కోసిన చోట అతుకు వేయడానికి పనికొస్తుంది. కెమెరా విడిగా నడుస్తుంటే మొదట్లో ఒక చప్పట, చివర ఒక చప్పట కొట్టండి. మొదటిది కలిసి చివరిది కలవకపోతే ఫోన్ ఫ్రేము రేటు నిలకడగా లేకపోయి ఉండొచ్చు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిర ఫ్రేము రేటుకి మార్చి మళ్లీ కలపండి.

బెంగళూరులో ఇంటి రికార్డింగుకి పొద్దున్నే 5:30 నుంచి 7 లోపు, లేదా రాత్రి 10 తర్వాత అనువు. పగలంతా నీళ్ల ట్యాంకరు మోటరో, ఎదుటి సైటులో డ్రిల్లింగో, కూరగాయల బండి మైకో ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు నమ్ముకోవద్దు, ఉరుములతో వాన దిగుతుంది, వెంట కరెంటూ పోతుంది.

పాడ్‌కాస్టు నడక

ఇద్దరే మాట్లాడుకునే ఎపిసోడ్‌కి 40, 45 నిమిషాలు చాలు. మూడు విషయాలు చీటీ మీద రాసుకోండి, వాటి గురించి ముందే మాట్లాడుకోవద్దు. వంటింట్లో ఒకసారి చెప్పేసిన సంగతి మైకు ముందు చద్ది అన్నమే. ఎదుటివాళ్లకు తెలియని ప్రశ్న ఒకటి ఒక్కొక్కరూ దాచి ఉంచుకోండి. విషయం మార్చాలంటే బల్ల కింద మోకాలు తట్టడం లాంటి సైగ ఒకటి పెట్టుకుంటే, "సరే, ఇప్పుడు వేరే దాంట్లోకి వెళ్దాం" అనే అతుకు మాటలు తగ్గుతాయి. నిజమైన నవ్వు వచ్చినప్పుడు టైము రాసుకోండి, రీల్స్‌కి ముక్కలు అక్కడినుంచే కోయాలి. ఒక ఎపిసోడ్‌లో 40 నుంచి 60 సెకన్ల ముక్కలు నాలుగో అయిదో దొరుకుతాయి.

ఎడిటింగులో 80 హెర్ట్జ్ కింది మోత కోసేసి, మొత్తం శబ్దాన్ని పాడ్‌కాస్టు యాప్‌లకు మైనస్ 16, యూట్యూబ్‌కి మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి మొత్తమ్మీద ఎంత పెద్దగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గర పెట్టండి, ఎక్కడైనా శబ్దం ఒక్కసారిగా పైకి లేచినా మైనస్ 1 డెసిబెల్ దాటకూడదు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడిన చోట ఒకరిది తగ్గించండి, ఇద్దరూ ఒకేసారి నవ్విన చోట ముట్టుకోకండి.

పాటల సంగతి. సినిమా పాట వెనక పెట్టినా, టీవీలో నడుస్తున్నా, యూట్యూబ్ దాన్ని గుర్తుపడుతుంది. చాలాసార్లు అది క్లెయిమ్‌తో ఆగుతుంది, అంటే ఆ వీడియో డబ్బు హక్కుదారుకి పోతుంది. స్ట్రైక్ వేరు, అది హక్కుదారు వీడియోనే తీయించేసినప్పుడు పడే హెచ్చరిక, 90 రోజుల్లో మూడు పడితే ఛానెలే పోవచ్చు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీ వాడుకోండి, తీసేటప్పుడు టీవీ కట్టేయండి.

డబ్బు, కాగితాలు

యూట్యూబ్‌లో యాడ్స్ ఆదాయం రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, వాటితోపాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గానీ 90 రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలు గానీ ఉండాలి. పెద్ద వీడియోల యాడ్స్‌లో మీ వాటా 55 శాతం, షార్ట్స్‌లో 45 శాతం. స్కెచ్‌లు జనాన్ని తెస్తాయి, గంటలు తెచ్చేది పాడ్‌కాస్టు. రెండూ కలిపి నడపమనేది అందుకే. ఖాతాలో 10 డాలర్లు చేరాక, యూట్యూబ్ డబ్బు చెల్లించే గూగుల్ ఖాతా యాడ్‌సెన్స్ ఒక పిన్‌ను పోస్టులో పంపుతుంది. అద్దె ఇల్లు మారితే ముందు అక్కడ అడ్రసు మార్చండి, ఫ్లాటు నంబరూ బ్లాకూ తప్పకుండా రాయండి.

తెలుగు ఛానెళ్లకు అమెరికాలో ప్రేక్షకులు బాగా ఉంటారు, అందుకని యాడ్‌సెన్స్ అడిగే అమెరికా ట్యాక్స్ ఫారాన్ని పక్కన పెట్టకండి. నింపకపోతే ప్రపంచం మొత్తం మీద వచ్చిన ఆదాయంలో 24 శాతం దాకా కోసేయొచ్చు. నింపి రెండు దేశాల పన్ను ఒప్పందం చూపిస్తే, అమెరికా ప్రేక్షకుల నుంచి వచ్చిన భాగం మీదే 15 శాతం పోతుంది. సేవల మీద మొత్తం రాబడి ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. విదేశాల నుంచి వచ్చిందీ ఆ లెక్కలోకే వస్తుంది. ఒక కంపెనీ నుంచి ఏడాదిలో 20,000 రూపాయలు దాటిన ఉచిత సరుకు మీరే ఉంచేసుకుంటే దాని మీద 10 శాతం టీడీఎస్ ఉంది.

యాడ్‌సెన్స్ ఒకరి పాన్ మీదే ఉంటుంది. పని ఇద్దరిదీ, ఆదాయం కాగితం మీద ఒకరిదే అవుతుంది. రెండోవాళ్లకు జీతంగా చూపిద్దామంటే, కొన్ని సందర్భాల్లో అది తిరిగి మొదటివాళ్ల ఆదాయంలోనే కలిసే నిబంధన ఉంది. భాగస్వామ్య సంస్థ పెట్టాలా వద్దా అన్నది మొదటి పెద్ద డబ్బు రాకముందే సీఏతో కూర్చుని తేల్చుకోండి. నెలనెలా ఎవరికెంత అన్నది కూడా అప్పుడే రాసుకోండి.

బ్రాండు డీల్‌లో ఎన్ని మార్పులు ఉచితమో, మీ వీడియోను వాళ్లు ఎన్ని నెలలు యాడ్‌గా వాడుకుంటారో, డబ్బు ఎన్ని రోజుల్లో వేస్తారో రాతలో ఉండాలి. స్క్రిప్టుకి వాళ్ల ఒప్పుకోలు ఈమెయిల్లో వచ్చాకే తీయండి. లేదంటే మొత్తం మళ్లీ తీయమంటారు. ప్రకటనల రంగం తనకు తాను పెట్టుకున్న సంస్థ ఆస్కీ (ASCI) నియమాల ప్రకారం అది యాడ్ అని వీడియోలోనే చెప్పాలి. 15 సెకన్ల లోపు వీడియోలో ఆ లేబుల్ కనీసం 3 సెకన్లు, 2 నిమిషాల లోపు వీడియోలో మొత్తం నిడివిలో మూడో వంతు, అంతకంటే పెద్దదైతే ఆ బ్రాండు గురించి మాట్లాడినంతసేపూ ఉండాలి.

ఇద్దరికీ ఐటీ ఉద్యోగాలుంటే నియామక పత్రంలో వేరే ఆదాయం గురించి ఏముందో చదివి, హెచ్‌ఆర్ అనుమతి రాతలో తీసుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఎడిటింగు చేయకండి, మెడలో ఐడీ కార్డు ఫ్రేములో పడనివ్వకండి. ఉద్యోగం మానాలనుకునేవాళ్లు ఏడాది అద్దె, ఈఎంఐలకు సరిపడా బ్యాంకులో ఉండేదాకా ఆగండి, అదీ ఒక్కరే మానండి. బ్రాండు డబ్బు పండుగల ముందు వెల్లువలా వచ్చి, తర్వాత నెలల తరబడి మొహం చాటేస్తుంది.

కామెంట్లు

జంట ఛానెల్లో బూతులు ఎక్కువగా పడేది భార్య మీద. ఆమె ఒళ్లు, రంగు, బట్టలు, పిల్లలెప్పుడన్న ప్రశ్న, అన్నీ వస్తాయి. అందుకని కొత్త వీడియో పెట్టిన మొదటి రోజు కామెంట్లు భర్త చూడాలి, ఆమె చేతికి వడపోసినవే వెళ్లాలి. యూట్యూబ్ స్టూడియోలో నిషేధిత పదాల జాబితా ఉంది. మనవాళ్లు ఎక్కువగా ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు తిడతారు కాబట్టి ఒక్కో మాటను తెలుగు లిపిలోనూ, ఇంగ్లిషు అక్షరాల్లో దాన్ని ఎన్ని రకాలుగా రాస్తారో అన్ని రకాలుగానూ ఆ జాబితాలో చేర్చండి. మొదటి నెలలో వారానికోసారి కొత్తవి కలుపుతూ పోవాలి. బెదిరింపు వస్తే వెంటనే తుడిచేయకండి. ఖాతా పేరు, లింకు, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టి, ఫిర్యాదు నంబరు రాసి ఉంచుకున్నాకే దాన్ని తీసేయండి.